విప్లవమునకు కర్త యెవరు?

చాలకాలము క్రిందట నేనొక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు, రష్యా దేశమున 1917వ సంవత్సరమున జరిగిన విప్లవమును గూర్చి పాఠము చెప్పుచుంటిని. నేను తెలుగు చెప్పుటకు నియమింపబడినవాడనే యైనను, చరిత్రోపాధ్యాయుడు సెలవులో నున్నందున ఆ వారము ఆ భారము నాపై బడెను. పాఠము ముగియగనే వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, “పంతులుగారూ, ఈ విప్లవము జనము చేసినదా, ఆ పక్షమువారు కొందఱు చేసినదా?” అని యడిగెను. నేను తడవుకొనకుండ, “నాయకులు లేనిదే జనమేమి చేయగలరురా? కాపరి లేని మంద చెదరిపోవును గదా” అంటిని. వాని యింట గొఱ్ఱెలుండెడివి. వాడు కొంచెమాలోచించి, “కాపరి మందను కాచునది అమ్ముకొనుటకే గదండీ” అని చెప్పి కూర్చుండెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. కాని యా మాట నన్ను విడువలేదు. ఉద్యోగము విరమించిన పిమ్మట తీరికగా చదువుకొనిన కొలదియు, నాటి నా సమాధానము తప్పనియు, వాని ప్రశ్న ఒప్పనియు నాకు తోచినది.

నేటి ప్రసంగమునకు విషయమదియే. విప్లవము ప్రజలలోనుండి తనంత పుట్టవలెనా, లేక దీక్ష వహించిన కొందఱు కూడి దానిని నిర్మింపవలెనా? ఇరుపక్షములవారును నూఱేండ్లకు పైగా తర్కించుచునే యున్నారు. ఆకలి యెఱిగినవాడే అన్నమునకై లేవవలెనని మొదటివారందురు. ఆకలిగొన్నవాడు లేచినను ఎటు పోవలెనో యెఱుగడు గావున, త్రోవ తెలిసినవారు ముందు నడువవలెనని రెండవవారందురు. రెండు మాటలును వినుటకు న్యాయముగనే యున్నవి. కావున వట్టి తర్కమును మాని, జరిగిన కథలను కొన్నింటిని పరిశీలింతము. అందు మొదటివి పరదేశములవి. తరువాతివి మన గుంటూరు సీమవి. వానిని కొలుచుటకు నా చేతనున్న కొలబద్ద యొక్కటియే, అది వ్యాకరణము.

వాక్యమునందు పని చేయువాడు కర్త. ఆ పని దేనిపై పడునో అది కర్మ. పని నెఱవేఱుటకు మిక్కిలి తోడ్పడు సాధనము కరణము. ‘రైతు కొడవలితో పైరు కోసెను’ అన్నప్పుడు రైతు కర్త, పైరు కర్మ, కొడవలి కరణము. కర్త స్వతంత్రుడై యుండవలెనని వైయాకరణులు నిర్ణయించిరి. అనగా పని మొదలిడుటయు, మానుటయు అతని వశమున నుండవలెను. కొడవలి యెంత పదునైనదైనను తనంత చేనిలోనికి పోదు. రైతు చాలించిన పిమ్మట అదియు చాలింపవలసినదే. అట్లని కొడవలిని పాఱవైచి పండిన చేనిని చేతులతో పెఱికినచో గింజ నేలపాలగును. ఈ మూడు మాటలను మనస్సున నుంచుకొందము.

మఱియొక సంగతి. విప్లవమను మాటకు మన ప్రాచీన గ్రంథములందు ఉపద్రవమనియు, రాజ్యమునందలి కల్లోలమనియు అర్థము. నేడు మనము ప్రభుత్వమును, దానితోడ సంఘవ్యవస్థను సమూలముగా మార్చు సంచలనమను అర్థమున దానిని వాడుచున్నాము. కాని పాత అర్థమును పూర్తిగా మఱువరాదు. ఎంత మంచి విప్లవమునందైనను ఉపద్రవపుపాలు కొంత యుండును. ఆ పాలు ఎవరి నెత్తిన పడునన్నది ఈ విచారణలో ముఖ్యమైన ప్రశ్న.

ఇక మొదటి కథ. ఫ్రాన్సు దేశమున లూయీ ఫిలిప్ రాజు పాలించుచున్న దినములలో బ్లాంకీ యను నొక విప్లవకారుడుండెను. ఆయన త్యాగమును శంకింపదగినది కాదు. జీవితములో ముప్పది యేండ్లకు మించి కారాగారములందే గడపినవాడు. ప్రజలు అజ్ఞానములో నున్నారు గావున, శిక్షితులగు కొందఱు రహస్యముగా కూడి, ఒక్క దెబ్బతో అధికారమును పట్టుకొని, పిదప ప్రజలను తీర్చిదిద్దవలెనని ఆయన మతము. ఇందుకై ఋతువుల సంఘమను పేర నొక రహస్య సంఘము నడచెను. అందలి కట్టుబాటు చిత్రమైనది. ఆఱుగురు సభ్యులును, వారిపై నొక నాయకుడును కూడిన ఒక వారము. నాలుగు వారములు ఒక మాసము. మూడు మాసములు ఒక ఋతువు. సామాన్య సభ్యునకు పై నాయకులెవరో తెలియనే తెలియదు.

1839వ సంవత్సరము మే 12వ తేదీన, ఆదివారమునాడు, ఈ సంఘమువారు కొన్ని వందలమంది ఆయుధముల అంగడిని కొల్లగొట్టి, పారిస్ నగరసభా భవనమును పట్టుకొనిరి. వారు పిలిచినచో నగరమంతయు లేచివచ్చునని తలచిరి. నగరము లేవలేదు. వీథులలోని జనులు వీరెవ్వరో యెఱుగరు. వీరికేమి కావలయునో యెఱుగరు. మఱునాటికి అంతయు ముగిసెను. బ్లాంకీకి మరణశిక్ష విధింపబడి, పిదప అది యావజ్జీవ కారాగారముగా మార్చబడెను.

తొమ్మిదేండ్లు గడచెను. అదే నగరము, అదే రాజు. 1848వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో పారిస్ ప్రజలు తామై వీథులకెక్కిరి. 22వ తేదీన మొదలైన అలజడి 24వ తేదీకి రాజును సింహాసనమునుండి దింపివైచెను. రహస్య సంఘము ఏండ్ల తరబడి పన్నినను కానిపని మూడు దినములలో నైనది. అందు బ్లాంకీ చేయి లేదు. వార్త విని పిదప ఆయన పారిసునకు పరుగెత్తివచ్చెను. కర్త లేక కరణము పనిచేయదనుటకు ఇంతకన్న నిదర్శనము వలయునా?

కాని కథ అక్కడితో ముగియలేదు. ఆ ప్రజలు రాజును దింపిరే కాని, దింపిన పిమ్మట వచ్చిన అధికారమును తమచేత నిలుపుకొను కట్టుబాటు వారికి లేకుండెను. ఆ జూన్ నెలలోనే కూలిజనము మరల లేచి సైన్యముచేత నణపబడిరి. ఆ డిసెంబరున అధ్యక్షుడుగా నెన్నికైన లూయీ నెపోలియన్ 1851లో సభను రద్దుచేసి, 1852లో చక్రవర్తి యయ్యెను. పంట కోసిన చేతులొకరివి, గాదె మఱియొకరిది యయ్యెను. అనగా కొడవలి లేని కోత ఎట్టిదో కూడ ఈ కథయే చెప్పుచున్నది.

ఇక మా తరగతిలోని బాలుడడిగిన రష్యా కథకు వత్తము. అందును మొదట కొందఱి ప్రయత్నమే కనబడును. 1881వ సంవత్సరము మార్చి నెలలో ‘ప్రజాసంకల్ప’మను అర్థముగల పేరుపెట్టుకొన్న యొక రహస్య సంఘమువారు రెండవ అలెగ్జాండరు చక్రవర్తిని బాంబు వైచి చంపిరి. చక్రవర్తి చచ్చినచో ప్రజలు లేతురని వారి ఆశ. ప్రజలు లేవలేదు. ఆయన కుమారుడు పట్టమెక్కి పూర్వముకన్న కఠినముగా పాలించెను. సంఘము పేరులో ప్రజలున్నారు; పనిలో లేరు.

తరువాత 1902లో లెనిన్ పండితుడు ‘ఏమి చేయవలెను’ అను గ్రంథమును ప్రకటించెను. కార్మికులు తమంత తాము కూలి హెచ్చింపుమను పోరాటము వఱకే రాగలరనియు, అంతకు మించిన రాజకీయ జ్ఞానము వారికి వెలుపలినుండియే రావలెననియు, విప్లవమునే వృత్తిగా గైకొన్నవారి క్రమశిక్షణగల సంఘమొకటి వలయుననియు ఆయన వాదము. నిరంకుశ ప్రభుత్వపు గూఢచారులు అడుగడుగున నున్న దేశమున ఈ వాదమునకు కారణము లేకపోలేదు. బహిరంగముగా సభ చేసికొనుటకు వీలులేనిచోట నలుగురు రహస్యముగా కూడుట తప్పదు గదా.

కాని 1917లో జరిగిన దేమి? అప్పటి రష్యా పంచాంగము మనము వాడు తేదీలకన్న పదుమూడు దినములు వెనుకబడి యుండెను గావున, నేను చెప్పు నెలలను ఆ లెక్కనే గ్రహింపుడు. ఫిబ్రవరి 23వ తేదీ స్త్రీల దినము. మహాయుద్ధము మూడవయేట నడచుచుండెను. రాజధానియగు పెట్రోగ్రాడ్ నగరమున రొట్టె దొరకుట దుర్ఘటమయ్యెను. చలిలో తెల్లవాఱకముందే అంగళ్లముందు బారులు తీర్చి నిలిచి విసిగిన నేతమిల్లుల ఆడువారు ఆ దినమున పని మాని, రొట్టె రొట్టె యని కేకలు వేయుచు, ఇరుగుపొరుగు కార్ఖానాల మగవారిని కూడ పిలుచుకొనుచు వీథులకు వచ్చిరి. వారికి ఆజ్ఞ యిచ్చిన నాయకుడు లేడు. బొల్షెవిక్కుల స్థానిక నాయకులు సమ్మెకు తొందరపడవలదనియే చెప్పియుండిరి. మూడు నాలుగు దినములలో జనము లక్షలకు పెరిగెను. 27వ తేదీన, వారిపై కాల్పుమని పంపబడిన పటాలములే తిరుగబడి జనముతో కలిసెను. మూడువందల యేండ్లు నిలిచిన రోమనోవుల రాజవంశము, మార్చి 2వ తేదీన నికోలాస్ చక్రవర్తి సింహాసనము విడుచుటతో ముగిసెను.

అప్పుడు లెనిన్ ఎక్కడ నుండెను? స్విట్జర్లాండు దేశమున జూరిచ్ నగరమున. అంతకు కొన్ని వారములకు ముందే అచటి యువకులతో మాటలాడుచు, రాబోవు విప్లవపు నిర్ణాయక పోరాటములను తనబోటి వృద్ధులు చూడకపోవచ్చునని యాయన పలికియుండెను. జీవితమంతయు విప్లవమునకే ధారపోసినవానికి కూడ దాని రాక తెలియలేదు. రొట్టెకై నిలుచున్న స్త్రీకి తెలిసెను. ఆకలి పంచాంగము ఆకలిగొన్నవాని చేతనే యుండును.

అయినను నిష్పక్షపాతముగా చూడవలెను. ఫిబ్రవరిలో రాజును దింపిన ప్రజలకు రొట్టె రాలేదు, భూమి రాలేదు, యుద్ధము ఆగలేదు. ఒకప్రక్క తాత్కాలిక ప్రభుత్వమును, మఱియొకప్రక్క కార్మికులును సైనికులును ఎన్నుకొన్న సోవియట్ సభలును నిలిచి, ఏ పనియు తెగక నెలలు గడచెను. ఏప్రిలులో తిరిగివచ్చిన లెనిన్, శాంతి, భూమి, రొట్టె యను మూడు మాటలను పట్టుకొని నిలిచెను. ఆ మూడును ఆయన కల్పించినవి కావు, జనులు కోరుచున్నవే. రైతులు ఆ వేసవిలోనే జమీందారుల భూములను తామై ఆక్రమించుకొనసాగిరి. సంవత్సరారంభమున ఇరువదివేల చిల్లరగా నుండిన బొల్షెవిక్కుల సభ్యసంఖ్య శరత్కాలమునకు లక్షలకు పెరిగెను. పెట్రోగ్రాడ్, మాస్కో సోవియట్ సభలలో వారికి ఆధిక్యము వచ్చెను. అక్టోబరు 25వ తేదీన వారు అధికారమును గైకొన్నప్పుడు తాత్కాలిక ప్రభుత్వమును కాపాడుటకు ముందుకు వచ్చినవారు మిక్కిలి కొద్దిమంది. కావున అక్టోబరు విప్లవము కొందఱి కుట్ర మాత్రమే యనుట న్యాయము కాదు. పైరు పండియుండెను, కొడవలి సిద్ధముగా నుండెను, ఆ దినము వఱకు వ్యాకరణము సరిగానే యున్నది.

తప్పినది తరువాత. నవంబరులో దేశమంతటను రాజ్యాంగసభకు ఎన్నికలు జరిగెను. నాలుగు కోట్లకు పైగా జనులు, స్త్రీలు కూడ, ఓటు వేసిరి. బొల్షెవిక్కులకు వచ్చినది ఇంచుమించు నాలుగవ వంతు. రైతులలో పలుకుబడిగల సోషలిస్టు రివల్యూషనరీలను వేఱొక పక్షము అంతకన్న చాల ఎక్కువ ఓట్లు పొందెను. 1918 జనవరి 5వ తేదీన ఆ సభ కూడెను. తెల్లవాఱుజామున, కావలివారు అలసియున్నారు గావున సభ చాలింపుమని యొక నావికుడు వచ్చి అధ్యక్షునితో చెప్పెను. మఱునాడు సభ్యులు వచ్చునప్పటికి తలుపులు మూయబడియుండెను. సభ రద్దయ్యెను. ఆ ఎన్నికల పట్టీలు పాతబడినవనియు, సోవియట్ సభలే నిజమైన ప్రజావాక్కనియు బొల్షెవిక్కులు సమాధానము చెప్పిరి.

ఆ సమాధానమునకు పరీక్ష మూడేండ్లకు వచ్చెను. క్రోన్‌స్టాట్ నౌకాదుర్గపు నావికులు 1917లో విప్లవమునకు ముందు నడచినవారు. 1921 మార్చిలో వారే, సోవియట్ సభలకు రహస్యపు ఓటుతో క్రొత్త ఎన్నికలు జరుపుడని కోరిరి. ప్రభుత్వము గడ్డకట్టిన సముద్రముపై సైన్యమును నడపించి వారినణచెను. ఆ నెలలోనే పక్షములోపల కూడ భిన్నముగా కూటములు కట్టరాదని శాసనము చేయబడెను. మొదట ఇతర పక్షముల నోరు, పిదప సోవియట్ సభల నోరు, తుదకు స్వపక్షమువారి నోరు మూతబడెను. ఇట్లగునని ముందే హెచ్చరించినవారు విప్లవశత్రువులు మాత్రమే కారు. జర్మనీలో విప్లవమునకై ప్రాణమర్పించిన రోజా లక్సెంబర్గు, 1918లో చెఱసాలయందు వ్రాసిన వ్యాసమున, స్వేచ్ఛ యనునది భిన్నముగా తలచువానికి గూడ నుండవలెనని వాదించినది.

ఇప్పుడు వ్యాకరణమును చూడుడు. రైతు చాలుననిన పిమ్మట కొడవలి ఆగలేదు. కరణము కర్తయై కూర్చుండెను. కరణము కర్తయైనచో కర్త ఏమగును? వాక్యములో మిగిలిన స్థానమొక్కటియే. కర్త కర్మ యగును. పని చేయవలసినవాడు పని పడువాడగును. 1991 డిసెంబరులో ఆ రాజ్యము అంతరించుటకు కొంతకాలము ముందు వఱకు, ఇరువదివేలతో మొదలిడిన ఆ పక్షమునకు కోటికి మించిన సభ్యులుండిరి. అయినను ఆ కోటిమంది దానిని నిలుపలేకపోయిరి. స్వతంత్రులుగా నుండుట మాన్పింపబడినవారు ఆపద వచ్చినపుడు స్వతంత్రించి వచ్చి కాపాడుదురని తలచుట పొరపాటు.

పరదేశముల కథలు మనకేల యని పెద్దలు కొందఱు తలంపవచ్చును. ఇదే ప్రశ్న మన యూళ్లలోను వచ్చినది. రక్తపాతము లేనిదైనను, ప్రభుత్వమును ధిక్కరించి జనులు లేచిన రెండు సందర్భములు అప్పటి గుంటూరు జిల్లాలో ఒక్క యేడాదిలోపల జరిగెను. మొదటిది చీరాల పేరాల.

మద్రాసు ప్రభుత్వము 1919లో చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలకసంఘముగా చేసెను. అంతవఱకు ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరిగెను. అచటి జనులలో నేతపనివారును, చిల్లర వర్తకులును ఎక్కువ. వద్దని యర్జీలు పెట్టుకొనిరి, ఫలింపలేదు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వారి పక్షమున నిలిచి, రామదండను సేవకదళమును కూర్చిరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చినపుడు, పన్ను నిరాకరించి శిక్షలు భరించుట యొక మార్గమనియు, ఊరు విడిచి పోవుట రెండవ మార్గమనియు చూపిరి. సుమారు 15,000 జనసంఖ్యలో ఇంచుమించు 13,000 మంది ఇండ్లకు తాళములు వైచి, ఊరి వెలుపల పాకలు వైచుకొని, ఆ తావునకు రామనగరమని పేరిడి, సుమారు పదునొకండు నెలలు ఎండకు ఎండి వానకు తడిసిరి. నడుమ గోపాలకృష్ణయ్యగారు చెఱసాలకు పోయిరి. అయినను జనులు వెంటనే తిరిగిపోలేదు. తుదకు అలసి, తామై ఇండ్లకు చేరిరి.

ఫలితమును బట్టి చూచువారు దానిని ఓటమి యనవచ్చును. నేను వ్యాకరణమును బట్టి చూచుచున్నాను. తన గుమ్మమునకు తాళము వైచినది ఎవరికి వారే. రామదండు కావలి కాచెను, కట్టుబాటు నిలిపెను. అనగా కరణము కరణముగనే యుండెను. నాయకుడు లేనప్పుడు నిలిచినదియు ప్రజలే, చాలించినదియు ప్రజలే.

రెండవది పెదనందిపాడు. 1921వ సంవత్సరాంతమునను 1922 ఆరంభమునను ఆ ఫిర్కాలోని రైతులు భూమిశిస్తు చెల్లింపమని పట్టుబట్టిరి. పర్వతనేని వీరయ్యచౌదరిగారు నాయకులు. వేలకొలది యువకులు శాంతిసేనగా ఏర్పడి, ఎక్కడను హింస జరుగకుండ కాచిరి. ఈ ప్రసంగము వినుచున్న పెద్దలు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఊరి కరణములును మునసబులును తమ పదవులకు రాజీనామా యిచ్చిరి. ప్రభుత్వమునకు ఊరిలో కన్నును చేయియు వారే. వంశపరంపరగా వచ్చిన ఆ వృత్తి 1984లో రద్దగువఱకు ఎంత గౌరవముగలదో, ఎన్ని కుటుంబములకు ఆధారమో మీకు చెప్పనక్కఱలేదు. దానిని పణముగా పెట్టిరి. వ్యాకరణములో కరణమనగా సాధనమని చెప్పితిని గదా. ప్రభుత్వమునకు సాధనముగా నున్న కరణము, ఆ యేడు, జనులకు సాధనమయ్యెను. శిస్తు వసూలు స్తంభించెను. ప్రభుత్వము పటాలములను దింపెను, జప్తులకు పూనుకొనెను. జప్తుచేసిన సొత్తును వేలములో పాడువారు కఱవైరి.

ఇంతలో 1922 ఫిబ్రవరి 4వ తేదీన, ఉత్తరదేశమున గోరఖ్‌పూరు జిల్లా చౌరీచౌరాలో జనము ఆగ్రహించి రక్షకభట నిలయమును తగులబెట్టగా 22 మంది భటులు మరణించిరి. పెదనందిపాడు రైతుల సిద్ధతను గూర్చి అంతకుముందే సందేహించియున్న గాంధీమహాత్ముడు దేశమంతటను శాసనధిక్కారమును నిలుపవలెనని నిశ్చయించెను. బార్డోలీలో కూడిన కాంగ్రెసు కార్యసంఘము అట్లే తీర్మానించి, రైతులు శిస్తు చెల్లింపవలెనని చెప్పెను. ఆ ఫిబ్రవరిలోనే పెదనందిపాడు ఉద్యమమును ముగిసెను.

ఆ నిర్ణయము వలన రక్తపాతము తప్పియుండవచ్చును. సాధనము చెడినచో సాధ్యము చెడునని నమ్మిన మహాత్ముడు తన నమ్మకమును అనుసరించి పలికెను. ఆయన చిత్తశుద్ధిని నేను ప్రశ్నింపను. కాని ఇచట నొక ప్రశ్న మిగిలియున్నది. పెదనందిపాడు రైతు చౌరీచౌరాలో నిప్పు పెట్టలేదు. అతని యూర శాంతి చెడలేదు. పొలమును, పశువులను, పదవిని పణముగా పెట్టినవాడతడు. నిలుపవలెనా వలదా యని యతనిని అడిగినవారు లేరు. మొదలిడునప్పుడు అతడు కర్త, నిలుపునప్పుడు కర్మ. చేసినవారు ఉత్తములైనను, వ్యాకరణదోషము దోషమే. రష్యాలో ఆయుధబలముచే జరిగినది ఇచట గౌరవబలముచే జరిగెను. రెంటికి భేదము చాల కలదు. కాని అడుగకపోవుట మాత్రము రెంటను సమానమే.

మన పూర్వులు ఈ ప్రశ్న నెఱుగనివారు కారు. భాగవతము చతుర్థస్కంధమున వేనుని కథ మీరెఱిగినదే. వేనుడు యజ్ఞదానములు మాన్పించి, తానే దైవమని ప్రజలను పీడింపగా, ఋషులు మొదట నచ్చచెప్పి, వినకపోగా హుంకారముచే వానిని సంహరించిరి. ఋషులు కొందఱే; తపస్సు గలవారు; కోపము న్యాయమైనది. అయినను వేనుడు పడిన వెంటనే రాజ్యము బాగుపడలేదు. రాజు లేని దేశమున దొంగలు చెలరేగిరి. అప్పుడు ఋషులు వేనుని బాహువులను మథింపగా పృథుచక్రవర్తి పుట్టెను. భారతము శాంతిపర్వమున చెప్పబడిన విశేషమేమనగా, ఆ పృథువును దేవతలును ఋషులును ఊరక పట్టము కట్టలేదు. త్రికరణశుద్ధిగా ధర్మమును పాటింతునని, తన ఇష్టానిష్టములను బట్టి నడువనని ప్రతిజ్ఞ చేయించి, పిదపనే రాజును చేసిరి. ఒక్క ప్రభువును తొలగించి మఱియొక్కని నిలుపునపుడు, నిలిచినవానికి పగ్గమొకటి యుండవలెనని వారి భావము.

ఇక నా నిర్ణయము చెప్పెదను. విప్లవము ప్రజలనుండియే పుట్టవలెను. ఇతరులు పుట్టింపబోయినచో 1839లోను 1881లోను వలె పుట్టదు. కాని పుట్టినది నిలువవలెనన్నచో కట్టుబాటుగల కొందఱు వలయును. లేనిచో 1848లో వలె ఒకరి పంట మఱియొకరి గాదెలోనికి పోవును. కావున ‘ప్రజలా, కొందఱా’ అని యడుగుటకన్న, ఆ కొందఱు ప్రజలకు లోబడి యున్నారా యని యడుగుట మేలు. ఎన్నుకొన్నవారు మార్చుకొనగలరా? చాలుననిన ఆగుదురా? ఆపుటకు ముందు అడుగుదురా? ఈ మూటికి అవునను జవాబు రానిచో, ఆ కొందఱు ఎంత త్యాగధనులైనను భయపడవలసినదే. త్యాగము అధికారమునకు హక్కుపత్రము కాదు.

ఇది రాజ్యములకే చెందిన మాట కాదు. ఊరిలో చెఱువుకట్టకై గాని, ధరకై గాని, భూమికై గాని ఏదేని ఉద్యమము వచ్చినపుడు, మొదటి సంతకమునకు కాగితము తెచ్చునది పెద్దల యింటికే. సంతకము చేయుటకు ముందు కాగితము తెచ్చినవారిని అడుగుడు: ఈ బాధ ఎవరిది? వెల యెవరు చెల్లింతురు? రేపు మేము వద్దనిన మీరు ఆగుదురా? మీరు కూడ ఊరివారి పక్షమున సంతకము చేయుచున్నచో, అవే ప్రశ్నలను ఊరివారు మిమ్మడుగుటకు వీలిండు. పెద్దఱికము కూడ కరణమే గాని కర్త కాదు.

నాటి బాలుడు ఇప్పుడు నడివయస్సువాడై యెచటనో సంసారము చేసికొనుచుండును. అతడు ఈ ప్రసంగము వినుచుండెనేని, నాటి ప్రశ్నకు నా సమాధానమును దిద్దుకొనుచున్నాను. నాయనా, ప్రజలు మంద కారు. నాయకుడు కాపరి కాడు. చేను ప్రజలది, కోతయు వారిదే. నాయకుడు వారి చేతిలోని కొడవలి. దానిని పదునుగా నుంచుకొనవలెను. కోత ముగిసిన సాయంకాలము మరల చూరున చెక్కివైచుకొనవలెను.